మన ఊళ్లో సైన్సు చెప్పే "ఫోన్ రేడియో": వినేవాళ్లు మధ్యలోనే ఎందుకు ఆపేస్తున్నారు?

పలక_బలపం (మర్రిగూడ వైపు, సర్కారు బడి సైన్స్ టీచర్)
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మూడు నెలలుగా మా తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురితో కలిసి ఒక పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని "ఫోన్ రేడియో" అంటారు. ఒక్కో భాగం పన్నెండు నిమిషాలు. బడి అయిపోయాక ల్యాబ్‌లో రికార్డు చేసి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం. మొదటి మూడు భాగాలూ ఫ్లోరైడ్ మీదే, బోరు నీళ్లలో ఎక్కువై ఎముకలనూ పళ్లనూ పాడుచేసేది. మా దగ్గర అంతకన్నా దగ్గరి సైన్సు ఇంకేముంది? ఏ వాడకు వెళ్లినా నడుము వంగిన తాతో, గారపళ్లు దాచుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే అక్కో కనిపిస్తారు.

అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు, చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు. కానీ "చివర్లో పిల్లలు ఏం చెప్పారు?" అని అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. రెండు నిమిషాలకే ఆపేస్తున్నారు. మా బడి పక్కింటి అవ్వ ఒక్కతే ఉన్నమాట చెప్పింది: "మంచిగనే చెప్తున్నవ్ బిడ్డా. కానీ నాతోని చెప్తలేవు."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మా మొదటి భాగం ఇలా మొదలవుతుంది: "ఫ్లోరిన్ పరమాణు సంఖ్య 9. ఇది హాలోజన్ కుటుంబానికి చెందిన మూలకం." ఇందులో తప్పేమీ లేదు. కానీ అవ్వకు ఇది ఎందుకు? ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మానేయాలని మాత్రం లేదు.

డోలు_దెబ్బ (నకిరేకల్)
ఆదివారం, రాత్రి 9:48

మేడం, మాది ఒగ్గుకథ చెప్పే ఇల్లు. నేను డిగ్రీ చేసి వేరే పని చూసుకుంటున్నా గానీ, సెలవుల్లో ఇప్పటికీ డోలు పడతాను.

అవ్వ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మీ భాగం విన్నాను. అందులో చెప్పేవాళ్లే ఉన్నారు, ఊ కొట్టేవాళ్లు లేరు. మా తాత బీరప్ప కథ ఎత్తుకుంటే పక్కన మా చిన్నతాత ఉండేవాడు. తాత ఒక మాట అనంగనే "ఆఁ?" అనేవాడు. "ఏందన్నా, కన్నతల్లి అంత మాటన్నదా?" అని అడ్డుపడేవాడు. జనం కడుపులో ఉన్న ప్రశ్నను జనం కంటే అర క్షణం ముందు అడగడమే ఆయన పని. తాత ఎక్కడన్నా జోరు మీద ముందుకు ఉరికితే "ఆగన్నా, మల్లొక్కసారి చెప్పు" అని కొంగు పట్టి గుంజినట్టు ఆపేవాడు. రాత్రంతా కథ నడిచినా ఒక్కరు లేవకపోయేది అందుకే.

బుర్రకథలోనూ అంతే కదా, కథకుడికి అటు ఒకరు ఇటు ఒకరు వంత ఉంటారు. మన ఇళ్లల్లో అవ్వ కథ చెప్తే పిల్లలు ఊ కొట్టకపోతే "నిద్రపోయినవా?" అని ఆపేస్తది. మన దగ్గర కథంటే ఇద్దరి పని. మీ పిల్లలు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పాఠం అప్పజెప్పినట్టు చెప్తున్నారు. ఒకరిని ఊ కొట్టడానికి పెట్టి చూడండి. ఇంకా మంచిది, ఆ అవ్వనే కూర్చోబెట్టండి.

బొంత_స్టూడియో (దేవరకొండ, ఇప్పుడు హైదరాబాద్‌లో ఎడిటింగ్ పని)
ఆదివారం, రాత్రి 10:30

అక్కా, డోలు అన్న చెప్పినదే అసలు మందు. నేను శబ్దం సంగతి చెప్తాను, చిన్నచిన్నవే.

ల్యాబ్‌లో రికార్డు చేయకండి. సిమెంటు గోడలు, బండల నేల, కిటికీ అద్దాలు, అన్నీ మాటను తిప్పికొడతాయి. బావిలోంచి మాట్లాడినట్టు వస్తోంది. పరుపులు, బట్టలు ఉన్న చిన్న గదిలో, వెనక రెండు బొంతలు వేలాడదీసి మాట్లాడండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే "ప", "భ" అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. ఫ్యాన్ ఆపండి.

ఇంకొకటి. మీ ఫైలు పన్నెండు మెగాబైట్ల దగ్గర ఉంది. మాటలకు స్టీరియో, అంటే రెండు ఛానెళ్ల శబ్దం, అక్కర్లేదు. ఒకే ఛానెల్ ఉండే మోనోలో 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) పెడితే నిమిషానికి అర మెగాబైటు లోపే అవుతుంది, మొత్తం ఆరు లోపే. సిగ్నల్ సరిగా లేని తండాలో ఈ తేడా చాలా పెద్దది. మొదట్లో నలభై సెకన్ల మ్యూజిక్ తీసేయండి, ఆ నలభై సెకన్లలోనే సగం మంది పోతున్నారు.

పాడ్‌కాస్ట్ అనే మాట పుట్టిందే 2004లో. దానికి ముందు మన దగ్గర రేడియో ఉంది, ఇప్పటికీ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియో నడిపింది పల్లె ఆడవాళ్లే. విత్తనాల గురించి, పంటల గురించి వాళ్ల మాటల్లోనే చెప్పుకున్నారు. మైకు ముందు భాష మార్చుకోవాలన్న రూలు ఎక్కడా లేదు. మీ పిల్లలు మైకు ఆన్ కాగానే వార్తలు చదివే గొంతు తెచ్చుకుంటున్నారు. అది మాన్పించండి.

పలక_బలపం
బుధవారం, సాయంత్రం 6:20

తమ్ముళ్లిద్దరికీ మనసారా థ్యాంక్స్. చేసి చూశాను. అవ్వను అడిగితే "నాకేం తెల్సు, నేనేం మాట్లాడుత" అంది. ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తానని మాటిచ్చాక ఒప్పుకుంది. వాళ్లింట్లోనే, మంచం మీద కూర్చుని, వెనక బొంత కట్టి రికార్డు చేశాం. మొదటి మాట ఆమెదే. రాసుకున్న స్క్రిప్టు లేదు, జరిగింది జరిగినట్టు ఇక్కడ పెడుతున్నాను:

అవ్వ: బోరు నీళ్లు మంచిగ కాగబెట్టుకొని తాగితె ఆ ప్లోరైడ్ పోదా బిడ్డా?
నేను: నువ్వు చెప్పు అవ్వా. ఉప్పు నీళ్లు కాగబెడితే ఉప్పు పోతదా?
అవ్వ: ఉప్పెట్ల పోతది. నీళ్లు ఇగిరి ఇంకింత ఉప్పగైతయి.
నేను: ఇదీ అంతే.
అవ్వ: (కాసేపు మాట లేదు) అయ్యో. అయితె మా పెద్దోడు చిన్నగున్నప్పుడు నేను కాగబెట్టి కాగబెట్టి పోసిన గదా.

ఆ తర్వాత నాకు మాట రాలేదు. మా బడి అమ్మాయి ఒకతి, ఊ కొట్టడానికి కూర్చున్నది, తనంతట తనే అంది: "నీకప్పుడు ఎవ్వరు చెప్పలేదు గదా అవ్వా." అవ్వ "ఎవ్వరు చెప్పలే బిడ్డా" అంది. అంతే.

ఈ భాగాన్ని ఊళ్లో చివరిదాకా విన్నారు. మరునాడు కిరాణా కొట్టు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఉప్పు నీళ్ల మాట చెప్పుకుంటుంటే నా చెవులారా విన్నాను.

బకెట్ ప్రయోగం కూడా పెట్టాం. మన జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన "నల్లగొండ పద్ధతి". 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. నీళ్లలో కొంచెం సున్నం, పటిక వేసి పది నిమిషాలు మెల్లగా తిప్పి, ఒక గంట కదపకుండా ఉంచుతారు. వినేవాళ్లకు బకెట్ కనపడదు కదా, ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే మా పిల్లవాడు బకెట్‌లోకి తొంగి చూసి "టీచర్, పాలు విరిగినట్టు అయితున్నయి... తెల్లగ పిసరు పిసరు... ఇప్పుడు మెల్లగ కిందికి దిగుతున్నయి" అన్నాడు. పటికలోంచి వచ్చిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరడమే ఆ దృశ్యం. వాడి మాట తర్వాత నేను చెప్పాల్సింది ఒక్క వాక్యమే మిగిలింది.

చివర్లో చింతపండు గురించి ఒక మాట పెట్టాం: "రోజూ చింతపండు పులుసు తింటే ఫ్లోరోసిస్ తగ్గుతుంది" అని. ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. అన్నిటికన్నా ఎక్కువ ఫార్వర్డ్ అయింది ఆ ముక్కే.

నల్లగొండ_దంతవైద్యుడు
బుధవారం, రాత్రి 8:05

మేడం, అవ్వ భాగం రెండుసార్లు విన్నాను. నా క్లినిక్‌లో ఇరవై ఏళ్లుగా చెప్తున్నా ఎక్కని మాట ఉప్పుతో ఎక్కించారు.

కానీ చింతపండు దగ్గర ఆగాలి. అది తప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కొద్దిమంది బడిపిల్లలకు కొన్ని రోజులు చింతపండు తినిపించి చూశారు. 2002లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. ఆ పరిశోధన చెప్పింది అంతవరకే. వంగిన నడుము నిటారుగా అవుతుందని గానీ, పంటి మీద గార పోతుందని గానీ అందులో లేదు. "ఒంట్లోంచి కాస్త ఎక్కువ బయటికి పోతుంది" అనే మాటకూ "రోగం తగ్గుతుంది" అనే మాటకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని మీ వాక్యం ఒక్క దూకులో దాటేసింది.

ఇది చిన్న విషయం కాదు. రేపు ఒక తల్లి "చింతపండు తింటున్నాం కదా" అని నల్లా నీళ్లు వదిలేసి మళ్లీ బోరు నీళ్లు పిల్లలకు తాగిస్తే? పంటి మీద మచ్చ పడేది పన్ను బయటికి వచ్చాక కాదు, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే. సుమారు ఎనిమిదేళ్ల వయసు లోపు ఏ నీళ్లు తాగారన్నదే లెక్క. ఆ ఎనిమిదేళ్లు పోతే మళ్లీ రావు.

సూటిమాట (పాలమూరు, ఫిజిక్స్ లెక్చరర్)
బుధవారం, రాత్రి 9:30

నా భయం సరిగ్గా ఇదే. కథ అనేసరికి మనిషి మనసు మంచివాణ్ని, చెడ్డవాణ్ని వెతుక్కుంటుంది. మేడం గారి రెండో భాగంలో ఫ్లోరైడ్‌ను దొంగను చేశారు. మరి అదే ఫ్లోరైడ్ తక్కువ మోతాదులో పళ్లు పుచ్చకుండా కాపాడుతుందని ఎక్కడ చెప్పాలి? మంచి చెడు ఫ్లోరైడ్‌లో లేవు, మోతాదులో ఉన్నాయి. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చు. కథలో ఈ దశాంశ బిందువు ఎక్కడ కూర్చుంటుంది? దొంగ దొరికాక ఇప్పుడు వీరుడు కావాలి కాబట్టి చింతపండును తెచ్చి నిలబెట్టారు. తప్పు మేడం గారిది కాదు, కథ అనే అచ్చుది. ఆ అచ్చులో పోస్తే సైన్సు ఆకారం మారుతుంది.

నేను కథలకు వ్యతిరేకిని కాదు. చదువుకునే రోజుల్లో, 1990లలో, జన విజ్ఞాన వేదిక అనే సైన్సు ప్రచార సంఘం కళాజాతాల్లో, పాటలతో నాటికలతో ఊరూరా తిరిగినవాణ్ని. పాట పాడితే జనం వస్తారు, నిజమే. కానీ వచ్చిన జనానికి ఏం చెప్పి పంపామన్నది మనం లెక్క చూసుకోవాలి.

డోలు_దెబ్బ
బుధవారం, రాత్రి 10:15

సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. అచ్చు తప్పు కాదు. ఆ చింతపండు ముక్క మళ్లీ వినండి. అక్కడ అవ్వ లేదు. పిల్లలు ఊ కొట్టలేదు. టీచర్ గారు ఒక్కరే గబగబా చదివేశారు. ఊ కొట్టేవాళ్లు ఉంటే "ఆగు బిడ్డా, ఎవలకు తగ్గింది? నువ్వు చూసినవా?" అని అడ్డం పడేవాళ్లు. కథ తప్పిన చోటే తప్పు జరిగింది.

సూటిమాట
గురువారం, ఉదయం 6:40

రాత్రి మళ్లీ విన్నాను. నువ్వు చెప్పింది నిజమే తమ్ముడూ. ఆ ఒక్క ముక్కలోనే ప్రశ్న అడిగే గొంతు లేదు. క్లాసులో నాకూ జరిగేది ఇదే. పిల్లలు అడగని రోజునే నేను తప్పులు ఎక్కువ చెప్తాను.

దశాంశ బిందువుకు నాకు తోచిన ఒక దారి: ఇంటి మీద నల్ల ట్యాంకు వెయ్యి లీటర్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము అంటే ఆ ట్యాంకు మొత్తంలో ఒక్క గ్రాము. రెండు మూడు చిటికెలకు మించదు. ఒకటిన్నర గ్రాములు దాటితే చిక్కు మొదలు. ట్యాంకు నిండా నీళ్లు, అందులో అంత కొంచెం. పిల్లల చేత ఉప్పు తూయించండి, చేతిలో పోసుకుని ఎంత ఉందో వాళ్లనే చెప్పమనండి. దానికి కొన్ని రెట్లు మాత్రమే ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి రోజూ తాగితే ఎముక మారుతుందనే సంగతి వాళ్లకు అప్పుడు ఆశ్చర్యంగా అనిపిస్తుంది. ఆ ఆశ్చర్యం నిజమైనది, దొంగను పెట్టాల్సిన పని లేదు.

పలక_బలపం
గురువారం, రాత్రి 9:00

డాక్టర్ గారూ, తప్పు నాదే. ఎక్కడో చదివింది పూర్తిగా చదవకుండా చెప్పేశాను. దీన్ని ఎలా దిద్దాలో చెప్పండి. పాత ఫైలు గ్రూపుల్లోంచి తీసేసినా, ఫార్వర్డ్ అయినవి ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో. కింద "సవరణ" అని రెండు ముక్కలు రాసి పెడితే ఎవరు చదువుతారు?

బొంత_స్టూడియో
గురువారం, రాత్రి 9:25

రాతతో దిద్దకండి అక్కా. తప్పు గొంతుతో పోయింది, దిద్దుబాటు కూడా అదే గొంతుతో, అవ్వ ముందరే, అంతే నిడివితో పోవాలి. రెండు నిమిషాలు దాటొద్దు, విడి ఫైలుగా పంపండి. ఫైలు పేరే "చింతపండు మాట తప్పు" అని పెట్టండి, తెరవకపోయినా పేరు చదువుతారు.

పలక_బలపం
శనివారం, మధ్యాహ్నం 2:15

చేశాను. చాలా టెన్షన్ పడ్డాను. ఊళ్లో టీచర్ తప్పు చెప్పిందంటే రేపు ఏ మాటా నమ్మరేమోనని.

అవ్వ మొదటి ప్రశ్నే అది: "అయితె మొన్న అబద్ధం చెప్పినవా?"

"అబద్ధం కాదు అవ్వా, సగమే చదివి మొత్తం చెప్పిన. డాక్టర్ సార్ విని తప్పని చెప్పిండు."

"ఆయన చెప్పంగనె ఒప్పుకున్నవా?"

"ఆయన కాగితం చూపెట్టిండు. అందుల రాసింది చదివిన."

అవ్వ కొంచెంసేపు ఆలోచించి, "మరి గా కాగితంల రాసినోళ్లు తప్పైతె?" అంది.

నా సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఇంకో తరగతి గదిలో వినలేదు. అప్పుడు చెప్పాను, వాళ్లు ఎంతమందికి తినిపించారో, ఏం కొలిచారో అన్నీ రాసి పెడతారని, వేరేవాళ్లు మళ్లీ అలాగే చేసి చూసుకోవచ్చని, తేడా వస్తే అదీ అచ్చు వేస్తారని. "అంటె లెక్క బయట పెడ్తరన్నట్టు" అంది అవ్వ. ఆ మాట అలాగే ఉంచేశాను. సైన్సు అంటే ఏమిటో మా పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఉంది. అవ్వకు నాలుగు మాటలు సరిపోయాయి.

పాలెం_మనవరాలు
శనివారం, సాయంత్రం 5:50

అక్కా, ఇదంతా చదివాక నేను మా నానమ్మను రికార్డు చేశాను. మాది నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం దగ్గర. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా పోయింది. దాన్ని చూడటానికి అమెరికా శాస్త్రవేత్తలు పాలెంలో కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు. ఇబ్రహీంపట్నం వైపు జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలోనూ అంతే. సముద్రాలు దాటి మన ఊరికి వచ్చారు, రెండు నిమిషాల చీకటి కోసం. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే పలచని వెలుగు మామూలు రోజుల్లో ఆ మంటకు కనపడదు, చంద్రుడు సరిగ్గా అడ్డం వచ్చినప్పుడే బయటపడుతుంది.

మా నానమ్మ మాత్రం తలుపులు వేసుకుని, కుండల మీద గరిక వేసి, లోపల కూర్చుంది. అప్పుడు మా నాన్న కడుపులో ఉన్నాడు. "పిట్టలు మాపటియాల్ల లెక్క గూళ్లకు పోయినయ్, కోడి గంప కిందికి దూరింది, తలుపు సందులకెల్లి చూసిన" అని ఇప్పుడు చెప్తోంది. అంటే ఆమె కూడా కొంచెం చూసింది! ఇన్నేళ్లలో ఎవ్వరికీ చెప్పలేదట.

ఇప్పుడు నా చిక్కు. ఆమె భయపడింది "గ్రహణం మొర్రి" గురించి. ఆ నమ్మకం తప్పని చెప్పాలి. కానీ ఆమె రికార్డింగ్ పక్కన పెట్టి "ఇది మూఢనమ్మకం" అంటే నానమ్మను నలుగురిలో నిలబెట్టి చిన్నబుచ్చినట్టు అవుతుంది.

నల్లగొండ_దంతవైద్యుడు
శనివారం, రాత్రి 7:30

అమ్మా, "మూఢనమ్మకం" అనే మాట వాడకండి. నాకు వచ్చే తల్లుల్లో ఇప్పటికీ కొందరు "ఆ రోజు నేను కత్తిపీట పట్టుకున్నా సార్" అని ఏడుస్తారు. మన భాషలో ఆ జబ్బు పేరులోనే నేరం తల్లి మీద వేసి పెట్టాం, అందుకే అది అంత తేలిగ్గా పోదు.

నేను వాళ్లకు ఏం చెప్తానో రాస్తాను, పనికొస్తే తీసుకోండి. బిడ్డ పై పెదవి రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. అది జరిగేది కడుపు నిలిచిన నాలుగో వారం నుంచి ఏడో వారం లోపే. చాలామంది తల్లులకు నెల తప్పిందన్న సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. ఆ అతుకు పూర్తికాకపోతే మొర్రి. ఏడో నెలలో గ్రహణం వస్తే, ఆ పెదవి ఎప్పుడో అతుక్కుని ఉంటుంది. ఈ వారాల లెక్క చెప్పగానే తల్లి వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ లెక్క పూర్తయ్యేసరికి ముఖంలో బరువు దిగడం కనపడుతుంది. ఆ తర్వాత ఆపరేషన్ సంగతి చెప్తాను. పెదవికి మొదటి ఏడాదిలోనే చేస్తారు, పిల్లలు చక్కగా నవ్వుతారు.

మీ నానమ్మను అడగండి, అప్పుడు ఎన్నో నెల అని. లెక్క ఆమె చేతే వేయించండి.

పాలెం_మనవరాలు
శనివారం, రాత్రి 8:40

అడిగాను. ఎనిమిదో నెల అట. వేళ్ల మీద లెక్కపెట్టి, "అయితె నేను బయటికొచ్చి చూడాల్సుండె" అంది. ఇదే చివరి మాటగా పెడుతున్నాను.

కందిచేను (కల్వకుర్తి, రైతు)
ఆదివారం, ఉదయం 7:00

అందరివీ చదువుతున్నా. నాకు ఆరో బోరు వేసే పని పడింది. అయిదిట్లో మూడు ఎండిపోయినయి. రికార్డు చేసుకుంటామంటే నా చేన్లకు రండి. కానీ ఒక మాట. బోరు ఎక్కడ వేయాల్నో పాయింట్ పెట్టేది మా మేనమామ, అరచేతుల కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తడు. ఆయనను మోసగాడంటే మాత్రం నేను ఒప్పుకోను. రూపాయి తీసుకోడు.

రాతి_పొర (మహబూబ్‌నగర్, భూగర్భజలాల పనిలో రిటైర్ అయినవాణ్ని)
ఆదివారం, ఉదయం 9:15

ఎవరూ ఆయన్ని అలా అనకూడదు. నేను వస్తాను, ఆయన పక్కనే నడుస్తాను.

మన దగ్గర కింద ఉన్నది గ్రానైట్. ఆ రాయి లోపల నీళ్లు నిలవడానికి చోటు లేదు. నీళ్లు ఉండేది రెండే చోట్ల, పైన మెత్తబడిన మొరంలో, లోపల పగుళ్లలో. అందుకే ఒక చోట రెండు ఇంచుల నీళ్లు పడతాయి, ఇరవై అడుగుల పక్కన దుమ్ము లేస్తుంది. ఆ పగుళ్లలో నీళ్లు రాయిని అంటుకుని ఎన్నో ఏళ్లు ఉంటే రాతిలోని ఫ్లోరైడ్ మెల్లగా కరిగి నీళ్లలోకి వస్తుంది. టీచర్ గారి కథ, ఈ కథ ఒకే రాతిలో పుట్టినవి.

కొబ్బరికాయ సంగతి నేను ఇలా చెప్తాను. మేనమామ గారు పెట్టిన పాయింట్లన్నీ ఒక కాగితం మీద రాద్దాం, పడ్డవీ పడనివీ. నీళ్లు పడ్డ బోరు కథ ఊరంతా చెప్పుకుంటారు. పడని బోరు కథ రైతు ఒక్కడే మోస్తాడు, అప్పుతో సహా. అందుకే ఆ విద్య గురించి మనం వినేవన్నీ పడ్డ కథలే. నా పరికరానికీ ఇదే న్యాయం. నాలుగు ఇనుప కడ్డీలు పాతి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజి కొలిచి, కింద రాయి ఎంత మెత్తబడి ఉందో అంచనా వేస్తాం. అది కూడా అంచనాయే, హామీ కాదు. నేను పెట్టినవాటిలోనూ ఎండినవి ఉన్నాయి. ఆ మాట నా నోటితోనే పాడ్‌కాస్ట్‌లో ఉండాలి.

కందిచేను
ఆదివారం, ఉదయం 9:40

గట్లయితే రండి సార్. మామకు చెప్పిన. కాగితం మీద రాయడానికి ఆయన కూడా సరే అన్నడు. బోరు బండి గురువారం తెల్లారి వస్తది.

బొంత_స్టూడియో
శుక్రవారం, రాత్రి 11:20

నిన్న కందిచేను అన్న దగ్గరికి పోయి వచ్చాను. రాతి_పొర సారూ, మేనమామ గారూ ఇద్దరూ కలిసి చేను మొత్తం నడిచారు. చివరికి ఇద్దరూ ఒప్పుకున్న చోటే పాయింట్ పెట్టారు. కేసింగ్ దిగేదాకా ఎర్ర మట్టి, తర్వాత మొరం, ఆ తర్వాత తెల్లటి పొడి. పొడి కుప్ప పక్కన సార్ మోకాళ్ల మీద కూర్చుని, ప్రతి రాడ్డుకూ పిడికెడు తీసి చేతిలో నలిపి, రంగు చెప్తూ పోయారు. మేనమామ గారు పక్కన ఊ కొట్టారు. ఎవరూ చెప్పకుండానే.

నూట అరవై అడుగుల దగ్గర పొడి కొంచెం తడిగా వచ్చింది, అందరూ లేచి నిలబడ్డారు. మళ్లీ ఆరిపోయింది. నాలుగు వందల ఇరవై దగ్గర అన్న చెయ్యి ఎత్తి చాలన్నాడు.

అన్నా, పడని బోరు కదా, బయట పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం. నువ్వు వద్దంటే ఈ రాత్రే ఫైలు తీసేస్తా.

కందిచేను
శుక్రవారం, రాత్రి 11:45

పెట్టు తమ్ముడూ. పడ్డ కథలే వింటున్నమని సార్ చెప్పె గదా.

బొంత_స్టూడియో
శనివారం, ఉదయం 6:05

ఫైలు గ్రూపులో పెట్టాను. ఎనిమిదో నిమిషం దగ్గర ఇంజిను ఆగుతుంది. ఆ తర్వాత పదకొండు సెకన్లు ఎవ్వరూ మాట్లాడరు, గాలి, దూరంగా ఒక కుక్క అరుపు మాత్రమే ఉంటాయి. మామూలుగా అయితే కోసేసేవాణ్ని. కోయలేదు.

కందిచేను
శనివారం, ఉదయం 6:30

విన్న. ఉండనీ.